పేరు చెప్పను గానీ

పళ్లెం ఇంకా మొదటి బెంచీ దగ్గరే ఉంది. ఆమె కూర్చున్నది ఏడో బెంచీలో, నడవా పక్క చివర. అంటే మధ్యలో ఆరు బెంచీలు, బెంచీకి ఆరుగురో ఏడుగురో, ఒక్కొక్కరు ఆ చిన్న రొట్టెముక్క తీసుకుని కళ్లు మూసుకుని పక్కవాళ్లకు పళ్లెం అందించడానికి పట్టే సమయం, ఇదంతా లెక్క కట్టుకుంటూ కూర్చుంది. ముప్పై ఏళ్లుగా స్కూలు యూనిఫారాలు కుట్టే మనిషికి ఏది కనబడినా ముందు కొలవాలనిపిస్తుంది, ఆ తర్వాతే భయపడాలనిపిస్తుంది. ఇవాళ కొలవడం అయిపోయింది, భయం మొదలైంది. పాస్టరుగారు ఇందాక ప్రభువు బల్ల మీది తెల్లగుడ్డ తీసి మడుస్తూ ప్రతి నెలా చెప్పే మాటే చెప్పారు. ఎవరిని వారు పరీక్షించుకోండి, ఎవరికైనా మీ మీద మనసులో ఏదైనా ఉంటే ముందు వెళ్లి వాళ్లతో సమాధానపడి రండి, కానుక ఎక్కడికీ పోదు అని. ఆ మాట విని లేచి వెళ్లిన మనిషిని ఆమె ఇంతవరకు చూడలేదు. ఎవరో లేస్తారనుకుని పాస్టరుగారూ చెప్పరు, బస్సులో కండక్టరు ముందుకు జరగండి ముందుకు జరగండి అంటూ పోయినట్టు అంటూ పోతారు, ఎవరూ జరగరు. ఆమె పక్కన బెంచీ మీద ఒక మనిషి కూర్చునేంత ఖాళీ ఉంది. అందులో ఎవరూ కూర్చోకుండా తన సంచి పెట్టింది. ఆరు ఆదివారాల నుంచి పెడుతోంది.

కదలకుండా కూర్చోవడం అమ్మ నేర్పిన విద్య. చిన్నప్పుడు ఇదే బెంచీలో అమ్మకు అటు ఆమె, ఇటు చెల్లి, మందిరంలో తల పక్కకు తిరిగిందంటే తొడపాశం. రాజుగారి ముందు కూర్చున్నట్టు కూర్చోవాలే, రాజుగారి ముందు దురద పుడితే గోక్కుంటారా ఎవరైనా, అనేది అమ్మ. చెల్లికి పుట్టేది, గోక్కునేది, పాశం తినేది, మళ్లీ గోక్కునేది. ఆమెకు మాత్రం పుట్టినా గోక్కోవాలనిపించేది కాదు, అమ్మ ఇంటికెళ్లాక మెచ్చుకుంటుందని తెలుసు కాబట్టి, ఆ మెప్పు దురద కన్నా గట్టిది కాబట్టి. అలా అలా అది ఒంటికి పట్టిపోయింది. ఒకసారి వాక్యం నడుస్తుండగా పైకప్పు నుంచి బల్లి ఊడి భుజం మీద పడింది. అది మోచేతి దాకా నడిచి, కాసేపు ఆగి ఆలోచించుకుని, ఒళ్లో ఉన్న పాటల పుస్తకం మీదికి దిగి వెళ్లిపోయినా ఆమె రెప్ప వేయలేదు. వెనక కూర్చున్న సండే స్కూలు పిల్లలు చూశారు, ఆ రోజు నుంచి ఆమె స్తంభం ఆంటీ. పెద్దవాళ్ల దాకా వచ్చేసరికి ఆ పేరుకు పెద్దరికం వచ్చేసింది, మన సంఘానికి ఆవిడ స్తంభం అని పాస్టరుగారు సభలో మైకులోనే అన్నారు. పిల్లలు నోళ్లు మూసుకుని నవ్వారు, వాళ్లను గదమాయిస్తున్న టీచరు, అంటే చెల్లి, తల పక్కకు తిప్పుకుని వాళ్ల కన్నా ఎక్కువ నవ్వింది. ఆమెకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే లోపల సంతోషంగానే ఉండింది. భక్తి అంటే ఇదేగా, కదలకపోవడం.

రెండో బెంచీ. బెంచీ బెంచీకి పళ్లెం తెచ్చేది పాత లైన్‌మన్, రిటైరయ్యాక సంఘపెద్ద అయ్యాడు. కరెంటు స్తంభాలెక్కి ఎక్కి మోకాళ్లు అరిగిపోయాయి పాపం, మెల్లగా నడుస్తాడు. ఇంకా మెల్లగా నడిస్తే బాగుండును. పాట రెండో చరణం, కీబోర్డు వాయించే అమ్మాయి ఎప్పటిలాగే ఒక బీటు వెనక. చెల్లి ఉంటే ఈపాటికి మోచేత్తో పొడిచేది, అక్కా విను, పాట ముందు పోతోంది, పిల్ల వెనకాల పరుగెత్తుతోంది అని. చెల్లి మందుల షాపులో పని చేస్తుంది. ఎంత పెద్ద డాక్టరు ఎంత పిచ్చిగీతలు గీసినా చదివేస్తుంది, మనుషుల మొహాలూ అలాగే చదువుతుంది. పద్దెనిమిదేళ్లుగా ఆదివారం పొద్దున పిల్లలకు పాఠం చెప్తోంది. చెప్తోంది కాదు, చెప్పేది. ఆ ఒక్క మాట మారడానికి కారణం తనేనన్న సంగతి ఆమె నేరుగా తలుచుకోదు, పక్కనుంచి వచ్చి పక్కనుంచే వెళ్లిపోతుంది, కానీ ఇవాళ పక్కకు పోవడానికి దారి లేదు, ఒక పక్క ఆ ఖాళీ, ఒక పక్క పళ్లెం.

ఆమె కుట్టుషాపు మూసే వేళ చెల్లి వచ్చింది ఆ రోజు. వచ్చి కుట్టుమిషను పక్క స్టూలు మీద కూర్చుంది, కింద పడిన గుడ్డపీలికలు ఏరి ఒక్కొక్కటే వేలికి చుట్టుకుంటూ పోయింది. ఆమె కాజాలు కుడుతోంది, నలభై చొక్కాలు, చొక్కాకు ఆరు. అక్కా, అంది చెల్లి, ఏడాది నుంచి ప్రార్థన చేస్తుంటే అవతల ఫోను పెట్టేశాక కూడా హలో హలో అంటున్నట్టుంది. ఆమె సూది ఆపలేదు. పిల్లలకు చెప్తున్నప్పుడు మాత్రం నమ్ముతున్నానక్కా, వాళ్ల మొహాలు చూస్తుంటే అంతా నిజమే అనిపిస్తుంది, ఆ గంటసేపే, ఆ గంట కోసమే వారమంతా ఉంటున్నాను. ఎవరికీ చెప్పకే. ఎవరికి చెప్తానే, అంది ఆమె, పళ్ల మధ్య దారం కొరుకుతూ. చెల్లి ఏడవలేదు, చుట్టుకున్న పీలికలు విప్పి చెత్తడబ్బాలో వేసి, నీకు టీ పెట్టనా అని అడిగింది. అంత నమ్మకంగా అడిగింది. మాట చెప్పేసిన వాళ్లకుండే తేలిక ఆ గొంతులో ఉంది.

చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఇది ఆమె ఆరు వారాలుగా తనకు తాను చెప్పుకుంటున్న మాట. శుక్రవారం ఆడవాళ్ల ప్రార్థన సంఘం సెక్రటరీగారి ఇంట్లో జరుగుతుంది, ఇరవై మూడు మంది, చాప మీద కొందరు, సోఫాలకు ఆనుకుని కొందరు, మనవులు చెప్పండమ్మా అంటే ఒకరికి మోకాలి నొప్పి, ఒకరి కొడుక్కి పరీక్షలు, ఒకరి అత్తగారికి నోటి దురుసు. తన వంతు వచ్చింది. మామూలుగానే మొదలుపెట్టింది, సంఘం కోసం, పాస్టరుగారి ఆరోగ్యం కోసం, తర్వాత ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట వచ్చింది: పేరు చెప్పను గానీ ప్రభువా, నీకు తెలుసు. ఆ మాట వచ్చాక ఇంక ఆగుతుందా. చిన్నబిడ్డలకు నీ వాక్యం నేర్పే చేతులే ఇవాళ నిన్ను వెతుక్కుంటున్నాయి తండ్రీ, ఏడాదిగా ఆ గొంతు నీకు వినబడలేదా, నీ ఎదుట నోరు మూగబోయిన నా రక్తసంబంధిని కనికరించు. పేరు చెప్పలేదు, కొలతలన్నీ చెప్పింది. ఆ కొలతలకు సరిపోయే మనిషి సంఘం మొత్తం మీద ఒక్కతే. ఇరవై మూడు మంది కళ్లు మూసుకున్నారు గానీ చెవులు మూసుకోలేదుగా. ఎవరో వెక్కిళ్లు పెట్టారు. అవును ప్రభువా, అవును ప్రభువా అని సెక్రటరీగారి భార్య గొంతు లేచింది. ఆ గొంతు వినబడగానే ఈమె గొంతు ఇంకా కరిగింది, ఇంకా అందంగా అయింది. అదే అసలు సంగతి. ఇదే ఎవరికీ చెప్పుకోలేనిది. ఆ రోజు ప్రార్థన బాగా కుదిరింది. తన జన్మలో అంత మంచి ప్రార్థన చేయలేదు. ఆమేన్ అన్నాక కళ్లు తెరిస్తే అందరూ తడికళ్లతో తననే చూస్తున్నారు, ఆమె ఇంటికి నడుస్తూ పాట పాడుకుంది.

ఇంక అక్కడి నుంచి చెప్పేదేముంది, కంచే చేను మేస్తే కాసేదెవరు. ఆదివారం ఆరాధన కాగానే మెట్ల దగ్గర సెక్రటరీగారి భార్య చెల్లి రెండు చేతులూ పట్టుకుని, దేవుడు నీ మొర వింటాడు తల్లీ, మేమంతా నీ కోసం మోకరిస్తున్నాం, అంది. చెల్లికి ముందు అర్థం కాలేదు. తర్వాత అయింది. తిరిగి అక్క వైపు చూసింది, ఒక్కసారి, మందుచీటీ చదివినట్టు. మంగళవారం ముగ్గురు ఆడవాళ్లు ఇంటికి వెళ్లి వాక్యం చెప్పి వచ్చారు, గురువారం ఇంకో ముగ్గురు. తర్వాతి వారం సంఘపెద్దలు పిలిచి, అమ్మా కొన్నాళ్లు విశ్రాంతి తీసుకో, పిల్లల విషయం కదా, నమ్మకం స్థిరపడ్డాక మళ్లీ చూద్దాం, అని చావు కబురు చల్లగా చెప్పారు. ఏ గంట కోసం వారమంతా బతుకుతున్నానని చెల్లి అందో ఆ గంటే తీసేశారు. ఆ గంట సంగతి వాళ్లకు తెలియదు, ఆమెకు తెలుసు, ఆ ప్రార్థనలో ఆ ఒక్కటే ఆమె చెప్పలేదు, చెప్తే మొత్తం చప్పబడిపోతుందని. చెల్లి ఆ తర్వాత రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. ఆమె ఏం చేసింది? ఓదార్పు వాక్యం ఉన్న పూలబొమ్మ ఒకటి ఫోనులో పంపింది. చెల్లి చూసినట్టు రెండు నీలిగీతలు వచ్చాయి. రెండు వీధుల అవతల ఉన్న ఇంటికి మాత్రం వెళ్లలేదు. పిన్ని అడిగితే, నేనెవరికీ చెప్పలేదు పిన్నీ, దేవుడికి చెప్పాను, అంది. పోయిన నెల ఇదే బెంచీలో కూర్చుని ఇదే పళ్లెంలోంచి రొట్టె తీసుకుని, పక్కన ఖాళీ ఉండగానే, నమిలి మింగింది. గొంతు పట్టలేదు, దగ్గు రాలేదు, ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే అప్పటి నుంచి ఆమెను తింటోంది.

నాలుగో బెంచీ. ఐదోది. ఇవాళ వాక్యం కూడా ఇదే కావాలా, ఆరాధనంటే పాట కాదు, మాట వినడం, భయం ఉన్నచోట విధేయత ఉంటుంది, విధేయత లేని భక్తి వేషం అని అరగంట చెప్పారు పాస్టరుగారు, ఆమె వైపే చూస్తూ చెప్పారు, అంటే మెచ్చుకోలుగా, ఉదాహరణకు ఎవరైనా కావాలంటే ఇదుగో అన్నట్టు. ఇప్పుడు లేవాలి. లేచి వెళ్లమన్నది పాస్టరుగారు కాదు, ఆయన చెప్పిన మాట వెనక ఉన్నాయన. కానీ రొట్టె పంచే ప్రభువు బల్ల నడుస్తుండగా లేవడమా, మందిరంలో తల తిప్పితేనే తప్పు కదా, ఇంతమంది ఎదుట వీపు చూపించి గుమ్మం దాకా నడవడమా, అది భయభక్తులున్న వాళ్లు చేసే పనేనా? ఆరాధన కాగానే వెళ్దాం, పన్నెండున్నరకల్లా వెళ్దాం, అన్నం వేళకు వెళ్తే బాగుంటుంది, ఏదైనా పట్టుకెళ్తే ఇంకా బాగుంటుంది. ఆరు వారాలుగా ఇలాగే వెళ్తోంది. అయినా ఇప్పుడు లేస్తే అందరికీ తెలిసిపోదూ, స్తంభానికి ఏమైందని ఇరవై మూడు మందీ శుక్రవారం చేతులు చాచి ప్రార్థన చేయరూ, పేరు చెప్పం గానీ ప్రభువా అని? ఆరో బెంచీ. ముందు బెంచీలో ముసలాయన చెయ్యి వణుకుతోంది, ముక్క పట్టుకోలేకపోతున్నాడు, లైన్‌మన్ ఓపిగ్గా నిలబడ్డాడు, ఇంకాసేపు వణకవయ్యా అనుకుంది, అనుకున్నందుకు సిగ్గుపడింది. ప్రభువా నన్ను లేపు అంది లోపల. ఎవరూ లేపలేదు. నన్ను కూర్చోబెట్టు అంది. అదీ జరగలేదు, కూర్చున్నది కూర్చున్నట్టు లేదు, ఒంట్లో ప్రతి కీలూ ఎవరిదోలా ఉంది.

పళ్లెం వచ్చింది. తెల్లటి చిన్నచిన్న ముక్కలు, అంచుకు ఒకటి విరిగి పొడి అయింది. లైన్‌మన్ పళ్లెం వంచి పట్టుకున్నాడు, ఆమె చెయ్యి ఒళ్లోంచి లేవలేదు. ఆయన కాసేపు ఆగి, తల్లీ, అన్నాడు మెల్లగా, నిద్రపోయిందనుకుని. పాట ఆఖరి చరణం అయిపోయి మళ్లీ పల్లవి అందుకున్నారు. తల్లీ, అన్నాడు మళ్లీ. వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. ఆమె లేచింది. ధైర్యంతో లేవలేదు, ఆ పళ్లెం ముందు ఇంకో క్షణం కూర్చోలేక లేచింది. పళ్లెం అంచు భుజానికి తగిలి రెండు ముక్కలు నేల మీద పడ్డాయి. అయ్యో అనుకుంది, వంగి తీయాలా, తీస్తే ముట్టుకున్నట్టా, తీయకపోతే తొక్కినట్టా, ఏమీ తోచక వాటిని దాటి నడవాలోకి వచ్చేసింది. గుమ్మం ఎంత దూరం. మొహాలన్నీ తిరుగుతున్న చప్పుడు వినబడుతోంది, మొహాలు తిరిగితే చప్పుడవుతుందని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు.

బయట ఎండ. సంచి బెంచీ మీదే ఉండిపోయింది, ఫోను అందులోనే. మూసి ఉన్న క్షవరం షాపు, బస్టాపులో ఒకాయన నిలబడి బ్రెడ్డు తింటున్నాడు. ఏమనాలి? సహోదరీ, నా అతిక్రమాన్ని క్షమించు. ఛీ, చెల్లిని సహోదరీ అంటారా ఎవరైనా? దేవుడు నా కళ్లు తెరిచాడు. దేవుడు తెరిచేదాకా నువ్వేం చేస్తున్నావు అంటుంది. నీ మేలు కోరే చేశాను. ఇది అబద్ధం. సగం అబద్ధం. ఎంత నిజమో ఎంత అబద్ధమో కత్తెర వేసి విడదీయడం ఆమెకు చేతకావడం లేదు, అతుకు ఎక్కడుందో కనబడటం లేదు. నోరు తెరిస్తే ప్రార్థన భాషే వస్తోంది, మామూలు మాటలు ఎక్కడ పెట్టిందో, చిన్నప్పుడు తను చెల్లి జామెట్రీ బాక్సు విరగ్గొట్టినప్పుడు ఏమందో గుర్తు తెచ్చుకోబోయింది. తనంతట ఏమీ అనలేదప్పుడు. అమ్మ చెప్పమంటే చెప్పింది. తొందరగా నడుస్తోంది, ఎందుకింత తొందరో కాసేపటికి అర్థమైంది, ద్రాక్షరసం వంతుకైనా తిరిగి అందుకోవచ్చని కాళ్లు వాటంతటవే లెక్క వేసుకుంటున్నాయి. అది తెలిశాక నడక నెమ్మదించింది, కానీ తెలిసిన సంగతి తెలియకుండా పోలేదు.

తలుపు చెల్లే తీసింది. చేతులు మోచేతుల దాకా సబ్బు నురగ, వెనక బకెట్టులో దుప్పటి నానుతోంది. కాస్త చిక్కింది. అక్కను చూసి, గోడ గడియారం చూసి, మళ్లీ అక్కను చూసింది.

"అప్పుడే అయిపోయిందా ఆరాధన?"

"లేదు. బల్ల నడుస్తోంది."

"మధ్యలో లేచొచ్చావా?" చెల్లి కళ్లు పెద్దవయ్యాయి. "నువ్వా?"

"తప్పు చేశానే. నీ మాట నలుగురిలో పెట్టాను." అనుకున్న వాటిలో ఒక్కటీ రాలేదు, ఇదొక్కటే వచ్చింది. "దేవుడికి చెప్పాననుకున్నాను. కాదు. వాళ్లు వింటున్నారనే చెప్పాను."

చెల్లి చేతుల నురగ వేళ్ల చివర నుంచి కారి గడప మీద పడుతోంది. ఆమె ఎదురుచూసింది, తిడుతుందని, ఏడుస్తుందని, తలుపేస్తుందని. చెల్లి మళ్లీ గడియారం వైపు చూసింది.

"ఇంకా ద్రాక్షరసం గ్లాసులు మొదలుపెట్టి ఉండరు. గబగబా వెళ్తే అందుకుంటావు. క్షమించాను, వెళ్లు."

వెటకారం లేదు. కోపం కూడా లేదు. మందుల షాపులో చీటీ చూసి, మూడు పూటలా వేసుకోండి అని పొట్లం చేతికిచ్చినట్టు ఇచ్చింది. అడగడానికి వచ్చింది అదే, అది చేతిలో పడింది, దాన్ని పట్టుకుని వెనక్కి పరుగెత్తాలంటే ఒక్క అడుగు పడటం లేదు. చెల్లి చదివేసింది. దేని కోసం వచ్చిందో, ఎంత చెల్లి కోసమో ఎంత బల్ల కోసమో, ఎప్పటిలాగే చదివేసింది.

"వెళ్లను," అంది ఆమె.

"మరేం చేస్తావు?"

"తెలియదే."

నిజంగానే తెలియదు. ఇన్నేళ్ల బతుకులో తర్వాత ఏం చేయాలో ఎవరో ఒకరు చెప్పేవాళ్లు, లేవండి, కూర్చోండి, మోకరించండి, తలలు వంచండి. ఇక్కడ ఎవరూ ఏమీ చెప్పడం లేదు. తలుపు చట్రం పట్టుకుని నిలబడింది.

"పిల్లలు ఎలా ఉన్నారు?" అంది చెల్లి, బకెట్టు వైపు చూస్తూ. "కొత్తాయన ఏం చెప్తున్నాడు వాళ్లకి?"

"చదివి వినిపిస్తాడు. వాళ్లు గోల చేస్తారు."

"చేస్తారు." మూతి బిగించింది. "నీకెందుకు చెప్పానో తెలుసా అక్కా? నీ దగ్గర పెడితే అక్కడే ఉంటుందనుకున్నాను. కదలని మనిషివి కదా."

ఆమెకు కళ్లనీళ్లు వచ్చాయి, వాటిని చూసి ఆమెకే అనుమానం వేసింది, ఇవి కూడా బాగా కుదిరాయేమోనని, కొంగుతో గట్టిగా తుడిచేసుకుంది. చెల్లి చూస్తూ నిలబడింది. తర్వాత పక్కకు జరిగింది, ఒక మనిషి పట్టేంత.

"రా లోపలికి. దుప్పటి రెండో చివర పట్టుకుందువు, పిండాలి." ఆమె గడప మీద కాలు పెట్టబోతుంటే, తడిచెయ్యి అడ్డం పెట్టి ఆపింది. "ఒక్కటి. నా కోసం ప్రార్థన చెయ్యకు. పైకీ వద్దు, లోపలా వద్దు. ఇంక ఎప్పుడూ వద్దు. అంత మాత్రం మాట వింటావా?"

"వింటాను," అంది ఆమె. ఆ మాట నోట్లోంచి పూర్తిగా రాకముందే లోపల, ఎవరూ వినని చోట, మాటల సొగసేమీ లేకుండా, ప్రభువా నా చెల్లి, నా చెల్లి అని మొదలైపోయింది. ఆపాలని చూసింది. ఆపలేక, దీన్ని ఆపమని వేడుకుంది, అదీ ఆయన్నే.